బాల్సా రెక్క: ఇంత తేలిక ఎందుకు, అంత బలం ఎలా?

అమెరికాలో సియాటెల్ దగ్గరి బాతెల్‌లో ఉంటూ ఆకాశం వైపు చూడకుండా ఉండటం కష్టం. పక్క ఊరు కెన్‌మోర్‌లో 1946లో మొదలైన కెన్‌మోర్ ఎయిర్ వాళ్ల నీటి విమానాలు సరస్సు మీంచి లేచి తల మీదుగా పోతుంటాయి. ఉత్తరాన ఎవరెట్‌లో బోయింగ్ పెద్ద విమానాల కర్మాగారం ఉంది. దక్షిణాన రెంటన్‌లో 737లు తయారవుతాయి. ఆ 737లకు బిగించే నిలువు తోకలు మన హైదరాబాద్ శివార్లలోని ఆదిబట్లలో, టాటా బోయింగ్ ఫ్యాక్టరీలో కూడా తయారవుతున్నాయి. మొదటిది 2023లో అక్కణ్నుంచి బయల్దేరింది. ఇలాంటి చోట పెరిగే తెలుగు పిల్లలు “విమానం చేద్దాం” అని వెంటపడితే ఆశ్చర్యపోవాల్సింది లేదు. కాకపోతే ఆ మాట రాగానే ఇంట్లో పెద్దవాళ్లు అడిగే మొదటి ప్రశ్న మాత్రం న్యాయమైనదే: పెట్టె విప్పి బ్యాటరీ పెడితే ఎగిరిపోయే ఫోమ్ విమానాలు దొరుకుతుంటే, చెక్క కోసుకుంటూ కూర్చోవడం దేనికి?

ఎగరడం ఒక్కటే కావాలంటే బాల్సా అక్కర్లేదు. ఫోమ్ చవక, నేలకు కొట్టుకున్నా తట్టుకుంటుంది, విరిగితే గ్లూ గన్‌తో ఐదు నిమిషాల్లో అతుకుతుంది. విమానం నడపడం నేర్చుకునేటప్పుడు ఫోమ్‌తోనే మొదలుపెట్టమంటాను. కానీ రెక్క ఎలా నిలబడుతుందో తెలుసుకోవాలనుకుంటే ఫోమ్ ఏమీ చెప్పదు, అదంతా ఒకే ముద్ద కాబట్టి. బాల్సా రెక్కలో ప్రతి పుల్లకూ ఒక పని ఉంటుంది. ఏ పుల్ల దేన్ని మోస్తోందో తెలిస్తే, ఏ పనీ లేని చెక్కను నిర్భయంగా తీసేయొచ్చు. రెక్క తేలికయ్యేది అలా తీసేయడం వల్లే.

ఇంతకీ బాల్సా ఏ చెట్టు?

మనకు తెలిసిన బూరుగు చెట్టుకు దూరపు చుట్టం. రెండూ ఒకే కుటుంబం. బాల్సా కాయ పగిలినా లోపల బూరుగు దూదిలాంటి దూదే ఉంటుంది. పుట్టిల్లు మధ్య, దక్షిణ అమెరికా. ప్రపంచంలో అమ్ముడయ్యే బాల్సాలో సింహభాగం ఈక్వడార్ నుంచే వస్తుంది. విపరీతమైన వేగంతో పెరుగుతుంది, ఆరు నుంచి ఎనిమిదేళ్లకల్లా కోతకు సిద్ధం. వేగంగా పెరిగే చెట్టు కాబట్టి కణాలు పెద్దవిగా, వాటి గోడలు పల్చగా ఉంటాయి. చెట్టుగా ఉన్నంతకాలం ఆ కణాల నిండా నీరే. కోసి, బట్టీలో ఆరబెట్టాక నీళ్లు పోయి గాలి మిగులుతుంది. మనం కొనేది ఆ గాలినీ, దాని చుట్టూ ఉన్న పల్చని గోడల్నీ.

ఘనమీటరు నీళ్లు 1000 కిలోలు తూగితే అంతే టేకు చెక్క 650 దరిదాపుల్లో ఉంటుంది. విమానాలకు వాడే బాల్సా 100 నుంచి 200 కిలోల మధ్య ఉంటుంది. ఆ 100కీ 200కీ మధ్య తేడానే రెక్క కట్టేవాడికి ముఖ్యం. ఒకే చెట్టు నుంచి కోసిన పలకల్లో కూడా ఒకటి దూదిలా, మరొకటి గట్టి చెక్కలా ఉండొచ్చు. దుకాణంలో పక్కపక్కనే పెట్టి అమ్ముతారు, ధర ఒకటే, చూపుకు రెండూ ఒకటే.

మొదటిసారి బాల్సా పలకల్ని బల్ల మీద పరిచినప్పుడు, పక్కింటి పదేళ్ల పాప రెండింటిని చేతిలోకి తీసుకుని అడిగింది: “అంకుల్, ఇవి రెండూ ఒకటే కదా?”

“నాకు చెప్పడం కాదమ్మా, తూచి చూడు.”

వంటింటి డిజిటల్ త్రాసు మీద ఒకటి 11 గ్రాములు, రెండోది 20 గ్రాములు చూపించింది. రెండూ 3 అంగుళాల వెడల్పు, 36 అంగుళాల పొడవు, అంగుళంలో పదహారో వంతు మందం ఉన్న పలకలే. బరువు మాత్రం దాదాపు రెట్టింపు. అప్పటినుంచి ఆ పిల్ల ఏ పుల్ల ముట్టుకున్నా ముందు త్రాసు దగ్గరికే పోతుంది. బాల్సా కొనేటప్పుడు పెద్దవాళ్లు కూడా చేయాల్సింది అదే. త్రాసు జేబులో వేసుకుని దుకాణానికి వెళ్తే ఎవరూ ఏమీ అనుకోరు. కొలిచి ప్రతి పలక మీద పెన్సిల్‌తో బరువు రాసుకోండి. బరువైనది స్పార్లకు (రెక్క పొడవునా సాగే పుల్లలకు), మధ్యరకం ముందంచుకు, వెనకంచుకు, తేలికైనది రిబ్‌లకు (రెక్కకు ఆకారమిచ్చే అడ్డ ముక్కలకు), పైన కప్పే పలకలకు.

బరువు చూశాక నార చూడాలి. పలకను వెడల్పు వైపు గుండ్రంగా వంచండి. కాగితంలా సులువుగా చుట్టుకుంటే దాన్ని ‘ఎ’ రకం అంటారు. వంగనని మొండికేసి, ఉపరితలం మీద చేప పొలుసుల్లాంటి మచ్చలు మెరుస్తుంటే ‘సి’ రకం. ఇది చెట్టు రకం కాదు, దుంగను ఏ కోణంలో కోశారన్నదాని ఫలితం. రిబ్‌లు వంగకూడదు కాబట్టి వాటికి ‘సి’ కావాలి. ముందంచు చుట్టూ వంచి అతికించే పలకకు ‘ఎ’ కావాలి. ఈ రెంటినీ తారుమారు చేస్తే రిబ్‌లు అలల్లా వంకర్లు పోతాయి, ముందంచు పలక వంచుతుండగానే ఫట్‌మని చీలుతుంది. మధ్యలో ఉండే ‘బి’ రకంతో మిగతా పనులన్నీ గడిచిపోతాయి.

రెక్కను వంగకుండా ఆపేది ఏది?

ఇక్కడ కాస్త నిదానంగా వెళ్దాం, రెక్క రహస్యం అంతా ఇక్కడే ఉంది.

కిలో బరువున్న ఒక విమానం అనుకోండి. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు 120 సెం.మీ., ముందంచు నుంచి వెనకంచుకు 20 సెం.మీ. నేరుగా ఎగిరేటప్పుడు రెక్క మోసేది కిలో బరువే. కిందికి డైవ్ చేసి ఒక్కసారిగా పైకి లాగితే అదే విమానం నాలుగు కిలోల బరువున్నట్టు ప్రవర్తిస్తుంది. అంటే ఒక్కో పక్క రెక్క 2 కిలోలు మోయాలి. ఆ భారం రెక్క పొడవునా పరుచుకుని ఉంటుంది కనుక, లెక్క కోసం మొదలు నుంచి 27 సెం.మీ. దూరంలో ఒక్కచోటే ఉందనుకుందాం. రెండు కిలోలను 27తో గుణిస్తే 54. మొదలు దగ్గర రెక్కను విరిచేయాలని చూసే వంపు శక్తి అది.

ఇప్పుడు ఒక పుల్లను రెండు చేతులతో పట్టుకుని కొసలు పైకి లేచేలా వంచండి. పై పక్క నలుగుతుంది, కింది పక్క సాగుతుంది. నడుమ ఉన్న చెక్క దాదాపు ఖాళీగా కూర్చుంటుంది. రైలు పట్టా, ఇనుప గర్డర్ పైనా కిందా లావుగా, నడుమ సన్నగా ఉండటానికి కారణం ఇదే. కాబట్టి రెక్కలో కూడా ఒకే లావుపాటి దూలం బదులు, రిబ్ పైభాగాన ఒక సన్నని స్పార్, అడుగున ఒక సన్నని స్పార్ పెడతాం. రెండూ 6 మి.మీ. చదరం అనుకుంటే, రెక్క మందం 23 మి.మీ. ఉన్నచోట వాటి మధ్య దూరం సుమారు 17 మి.మీ. వస్తుంది. 54ను 1.7తో భాగిస్తే 32. అంటే పై స్పార్‌ను 32 కిలోల బలం నొక్కుతుంది, కింది స్పార్‌ను అంతే బలం లాగుతుంది. ఇండియన్ స్టోర్‌లో 20 పౌండ్ల సోనామసూరి సంచులు మూడున్నర ఆ చిటికెన వేలు కన్నా సన్నని పుల్ల మీద నిలబెట్టినట్టు.

మరి నలగదా? ఆ పుల్ల అడ్డుకోత వైశాల్యం 0.36 చదరపు సెం.మీ. ఒక్కో చదరపు సెం.మీ. మీద పడే ఒత్తిడి 90 కిలోలకు కాస్త లోపు. మధ్యరకం బాల్సా 120 కిలోలకు అటూఇటూగా తట్టుకుంటుంది. అంటే సరిపోతుంది, కానీ విచ్చలవిడిగా కాదు. అందుకే స్పార్‌కు బరువైన బాల్సా ఎంచుకోమన్నది. ఎక్కువ ఆటలాడే విమానానికి పై స్పార్‌ను స్ప్రూస్ చెక్కతో వేసేవాళ్లూ ఉన్నారు.

పై స్పార్ గురించే ఎందుకు ఇంత బెంగ? చెక్క లాగుడుకు తట్టుకున్నంతగా నలుగుడుకు తట్టుకోదు. పైగా సన్నని పుల్లను రెండు కొసల నుంచి నొక్కితే అది నలగక ముందే పక్కకు వంగి తప్పుకుంటుంది. అలా తప్పుకోకుండా పట్టి ఉంచేది రెండు స్పార్ల మధ్య అతికించే పల్చటి పలక. ఇంగ్లీషులో దాన్ని షియర్ వెబ్ అంటారు, మనం అడ్డుపలక అందాం. దీని నార నిలువుగా, అంటే పై స్పార్ నుంచి కింది స్పార్‌కు ఉండాలి. పొడవు వెంట నార పెడితే అడ్డుపలక తన నార వెంటే చీలిపోతుంది, స్పార్లు ఒకదానివైపు ఒకటి నొక్కుకుంటాయి. కిట్‌లో వచ్చిన పొడవాటి పట్టీని అలాగే అతికించి, “నేను అడ్డుపలక పెట్టానే, అయినా విరిగింది” అనేవాళ్లు ఉంటారు. ఆ పట్టీని ముక్కలుగా కోసి నిలువుగా తిప్పి పెట్టాలి. ఓపిక పరీక్షించే పని, నిజమే.

ఇంకో లెక్క కూడా గుర్తుంచుకోదగ్గది. రెక్క సగం దూరంలో వంపు శక్తి మొదట్లో ఉన్నదానిలో సగం కాదు, నాలుగో వంతుకు దగ్గర. కొస దగ్గర దాదాపు సున్నా. కాబట్టి కొసల వైపు అడ్డుపలకలు మానేయొచ్చు, స్పార్‌ను సన్నబరచొచ్చు. చాలా కిట్లలో స్పార్ చివరిదాకా ఒకే మందంలో ఉండేది తయారీ సౌలభ్యం కోసమే, అవసరం కొద్దీ కాదు.

ఎవరెట్‌లో కూడా పాఠం ఇదే, కొలతలే వేరు. 777 విమానం రెక్క ఎంత తట్టుకుంటుందో చూడటానికి 1995 జనవరిలో బోయింగ్ వాళ్లు ఆ కర్మాగారంలో దాన్ని వంచుతూ పోయారు. ప్రయాణంలో ఎన్నడూ దాటకూడని గరిష్ఠ భారానికి ఒకటిన్నర రెట్లు, అంటే 150 శాతం తట్టుకోవాలన్నది నియమం. 154 శాతం దగ్గర రెక్క విరిగింది. ఇంకా చాలా ఎక్కువ తట్టుకుని ఉంటే అదేమీ గొప్ప కాదు. అక్కర్లేని లోహాన్ని ఆ విమానం ఎగిరినన్నాళ్లూ మోసుకు తిరగాల్సి వచ్చేది.

రిబ్‌ల ఆకారం, గాలి సంగతి

స్పార్ బలాన్నిస్తే, రిబ్ ఆకారాన్నిస్తుంది. ఆ ఆకారం ఎందుకు పైకి లేపుతుందన్నదానికి పాఠ్యపుస్తకాల్లో ఇంకా ఒక తప్పు జవాబు తిరుగుతోంది. పై గాలి ఎక్కువ దూరం పోవాలి, కింది గాలిని వెనకంచు దగ్గర కలుసుకోవాలి, అందుకే వేగంగా పోతుంది అని. కలుసుకోవాలన్న ఒప్పందం గాలికి ఏమీ లేదు. నిజానికి పై గాలి కింది గాలి కన్నా ముందే వెనకంచు చేరుతుంది. రెక్క గాలిని వంచి కిందికి పంపుతుంది. అలా వంచే క్రమంలో పైన పీడనం తగ్గుతుంది, కింద పెరుగుతుంది. చదునైన అట్టముక్కను కాస్త ముక్కెత్తి పట్టినా ఈ పని చేస్తుంది. గుండ్రని ముందంచు, వంపున్న పైభాగం ఉంటే అదే పని తక్కువ నిరోధంతో, గాలి విడిపోకుండా చేస్తుంది.

కొత్తగా కట్టేవాళ్లకు నేను చెప్పే ఆకారం ఒక్కటే: క్లార్క్ వై. వర్జీనియస్ క్లార్క్ 1922లో రూపొందించాడు. మందం వెడల్పులో 11.7 శాతం, 20 సెం.మీ. రెక్కకు 23 మి.మీ. అన్నది అక్కణ్నుంచే. లిండ్‌బర్గ్ అట్లాంటిక్ దాటిన విమానం రెక్క కూడా ఇదే. మనకు పనికొచ్చే గుణం ఇంకొకటుంది. ముందు భాగం తప్ప దీని అడుగు చదును. చదునైన బల్ల మీద పెట్టి కట్టొచ్చు. రెండు వైపులా వంపున్న ఆకారాలకు కింద ఆనించే కాళ్లు, చీలికలు పెట్టాలి, తప్పులకు దారులు పెరుగుతాయి.

రిబ్‌లు కోయడానికి ఒక పాత పద్ధతి ఉంది. పల్చటి ప్లైవుడ్‌తో రెండు అచ్చులు కోసి, వాటి మధ్య అన్ని బాల్సా ముక్కల్నీ పేర్చి, బోల్టులతో బిగించి, అంతటినీ కలిపి చిత్రిక పట్టి ఉప్పుకాగితంతో అచ్చు దాకా రుద్దడం. అన్నీ ఒకే కొలతలో వస్తాయి. విడివిడిగా కోసేటట్టయితే రిబ్ నార ముందు నుంచి వెనక్కి ఉండేలా చూసుకోండి. కత్తి కొత్తది కావాలి. ఒక్కసారికే తెగేలా నొక్కకుండా మూడు నాలుగు సార్లు తేలిగ్గా గీయాలి. కత్తి ఎప్పుడూ నార వెంట జారిపోవాలనే చూస్తుంది. జారితే పారేసే ముక్క వైపు జారేలా కోత దిశ ఎంచుకోవాలి, పనికొచ్చే ముక్క వైపు కాదు. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఏరోమోడలింగ్ చేసిన నాన్నలకు ఇది చేతులకు గుర్తుంటుంది. అలాంటివాళ్లు మీ వీధిలో ఉంటే పిలవండి, సంతోషంగా వస్తారు.

రిబ్‌కూ రిబ్‌కూ మధ్య 6 సెం.మీ. చాలు. దగ్గర చేస్తే బరువు, దూరం చేస్తే వాటి మధ్య, రెక్క మీద కప్పే కవరింగ్ లోపలికి గుంటలు పడి ఆకారం పోతుంది.

మెలి పడకుండా కట్టడం ఎలా?

వంగే రెక్క కన్నా మెలి తిరిగే రెక్క ప్రమాదం. వంగితే కొసలు కాస్త లేస్తాయి, అంతే. మెలి తిరిగితే ఒక పక్క ఎక్కువ లేపుతుంది, మరో పక్క తక్కువ లేపుతుంది, విమానం ఒరిగిపోతూనే ఉంటుంది. వేగం పెరిగితే రెక్క పటపటా కొట్టుకుని ఊడిపోవచ్చు కూడా.

ఒక పోస్టుకార్డును గొట్టంలా చుట్టి, అతుకు వేయకుండా రెండు చేతులతో మెలిపెట్టండి. సులువుగా తిరుగుతుంది. ఇప్పుడు అంచుల్ని పొడవునా టేపుతో అతికించి మళ్లీ ప్రయత్నించండి. కదలదు. కాగితం అదే, బరువు అదే, మూసిన గొట్టం కావడమే తేడా. రెక్కలో ముందంచు నుంచి స్పార్ దాకా పైనా కిందా పల్చటి పలక కప్పి, వెనక అడ్డుపలకతో మూసేస్తే ఇలాంటి గొట్టమే తయారవుతుంది. మెలిని ఆపేది అదే.

అయితే ఒక తిరకాసుంది. గొట్టం మూసే క్షణంలో రెక్క ఎలా ఉంటే ఇక జీవితాంతం అలాగే ఉంటుంది. మెలితో మూసేస్తే ఆ మెలిని కూడా అంతే గట్టిగా పట్టుకుంటుంది. కాబట్టి బల్లకు గుండుసూదులతో బిగించి ఉండగానే పై పలక, అడ్డుపలక అతికించాలి. సూదులు పీకి, చేతిలో పట్టుకుని “ఇది కూడా అతికించేద్దాం” అనుకోకూడదు.

బల్ల కోసం ఖరీదైనవేమీ అక్కర్లేదు. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే జిప్సం గోడబోర్డు ముక్కలో సూది బాగా దిగుతుంది. స్టీలు స్కేలు అడ్డంగా, మూలగా పెట్టి వెలుతురు కనిపిస్తుందేమో చూసుకోవాలి. దాని మీద ప్లాన్ కాగితం, కాగితం మీద జిగురంటని మైనపు కాగితం. కింది స్పార్‌ను సూదులతో బిగించి, రిబ్‌లను మూలమట్టంతో నిలువుగా నిలబెట్టి, పై స్పార్ గాట్లలో కూర్చోబెట్టాలి. గాటు బిగుతుగా ఉంటే గుద్దకండి, ఒక్కసారి రుద్దండి. వదులుగా ఉంటే జిగురుతో నింపకండి, రిబ్ మార్చండి.

జిగురు విషయంలో మనవాళ్లది కాస్త ధారాళమైన చెయ్యి. ఫెవిక్విక్ లాంటిది వేగంగా పట్టేస్తుంది, సర్దుకునే వ్యవధి ఇవ్వదు. చెక్కపని తెల్ల జిగురు నిదానం, కానీ తప్పు దిద్దుకోవచ్చు, ఆరాక నీటి బరువు పోతుంది. ఎక్కువ జిగురు బరువు మాత్రమే కాదు. గట్టిపడిన జిగురు బాల్సా కన్నా చాలా గట్టిది. ఉప్పుకాగితంతో రుద్దినప్పుడు జిగురు గీత అలాగే ఉండి, దాని పక్కనున్న మెత్తని చెక్క గుంటపడుతుంది. కవరింగ్ వేశాక ఆ గుంట దూరం నుంచే కనిపిస్తుంది. బాల్సా దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్కు పెట్టుకుని రుద్దండి, పిల్లలకైతే తప్పనిసరి.

కొసల దగ్గర మాత్రం మనమే కావాలని కాస్త మెలి పెడతాం. వెనకంచును కొస వద్ద 7 మి.మీ. ఎత్తితే 20 సెం.మీ. రెక్కకు రెండు డిగ్రీలు వస్తుంది. వేగం తగ్గి రెక్క పట్టు వదిలే సమయంలో మొదలు ముందు వదులుతుంది, కొసలు ఆఖర్న. కొసలు ముందే వదిలితే విమానం గిరగిరా తిరుగుతూ నేలకు వస్తుంది.

వాన ఊళ్లో చెక్క

బాతెల్ శీతాకాలం సంగతి తెలిసిందే. హీటర్ లేని గ్యారేజీలో తేమ 80 శాతం దాకా పోతుంది. ఇంట్లో హీటర్ నడుస్తుంటే 40 శాతం. చెక్క చుట్టూ ఉన్న గాలిని బట్టి నీటిని పీల్చుకుంటుంది. గ్యారేజీలో పెట్టిన చెక్కలో బరువులో 16 శాతం దాకా నీరు చేరితే, ఇంట్లో 7, 8 శాతమే ఉంటుంది. ఆ తేడాకు పలక వెడల్పు వైపు సాగుతుంది, కుంచించుకుంటుంది; పొడవు మాత్రం దాదాపు మారదు. గ్యారేజీలో కట్టిన రెక్కను హాల్లో గోడకు తగిలిస్తే వారానికి వంకరపోవడానికి కారణం ఇదే. కట్టబోయే చెక్కను ముందే కొన్నాళ్లు ఇంట్లో ఉంచి, ఇంట్లోనే కట్టండి. గ్యారేజీ చలికి జిగురు కూడా సరిగా ఆరదు. ఇంట్లో వాళ్లు డైనింగ్ టేబుల్ ఇవ్వమంటే అది వేరే చర్చ.

కవరింగ్‌కు రెండు దారులు. గాలిపటం కాగితం లాంటి పల్చటి టిష్యూ అతికించి, నీళ్లు చిలకరించి బిగువు చేసి, పైన డోప్ అనే వార్నిష్ లాంటి పూత వేయడం ఒకటి. చిన్న గ్లైడర్లకు దానికి మించింది లేదు. ఇస్త్రీపెట్టె వేడితో అతికి బిగిసే ఫిల్మ్ ఇంకొకటి. ఏది వేసినా పై కింది వైపులు ఒకే రోజు, ఒకే బిగువుతో వేయాలి. ఒక పక్క ఎక్కువ బిగిస్తే ఇంత కష్టపడి ఆపిన మెలిని మనమే తెచ్చుకున్నట్టు. ఫిల్మ్ వేశాక రెక్కను వెనక నుంచి కన్ను ఆనించి చూసి, మెలి ఉన్న వైపు ఎదురుగా తిప్పి పట్టుకుని వేడి చేస్తే చాలావరకు సరవుతుంది.

రెండు సగాల్నీ కలపడం, తూకం వేయడం

ఏలరాన్లు (రెక్క వెనకంచున కదిలే పలకలు) లేని, తోక మీది రడ్డర్‌తో తిరిగే విమానానికి రెక్క కొసలు పైకి ఉండాలి. ఒక పక్కకు ఒరిగి, ఆ పక్కకే జారుతున్నప్పుడు కిందున్న రెక్కకు గాలి ఎక్కువ కోణంలో తగిలి పైకి లేపుతుంది. విమానం తనంతట తానే సర్దుకుంటుంది. పక్కకు 5 డిగ్రీలు చాలు, 60 సెం.మీ. సగానికి కొస 5 సెం.మీ. పైన ఉంటే సరి. కానీ వంపు శక్తి అత్యధికంగా ఉండే చోటే మనం స్పార్‌ను కోసి రెండు సగాల్నీ కలుపుతున్నాం. కాబట్టి స్పార్ల ముందూ వెనకా ప్లైవుడ్ పట్టీలు రెండు మూడు రిబ్‌ల దాకా సాగేలా పెట్టి ఎపాక్సీతో బిగించాలి. పట్టీలు సరిగ్గా ఒకే రిబ్ దగ్గర ఆగకూడదు, అక్కడే విరుగుతుంది. ఒకటి ముందు, ఒకటి వెనక ఆపండి.

తర్వాత పరీక్ష. రెక్కను తలకిందులుగా తిప్పి, నడుమ భాగాన్ని ఒక పుస్తకం మీద ఆనించండి. నాలుగు కిలోల బియ్యాన్ని జిప్‌లాక్ సంచుల్లో నింపి, నడుమ నుంచి కొసల వైపుకు ఎక్కువ నుంచి తక్కువగా పరచండి. చెవి దగ్గర పెట్టి వినండి. కొసలు కాస్త వంగడం సహజం. టక్ అని చప్పుడొస్తే ఏదో అతుకు వదిలింది, దాన్ని వెతికి దిద్దాలి. ఆకాశంలో తెలిసే కన్నా బల్ల మీద తెలియడం మేలు.

ఎక్కడ ఎగరేయాలి?

సమామిష్ నది పక్కనున్న కాలిబాట బాతెల్ నుంచి రెడ్‌మండ్‌లోని మేరీమూర్ పార్కు దాకా పోతుంది. ఆ పార్కులో రేడియో విమానాల క్లబ్బుకు మైదానం ఉంది. వెళ్లి ముందు చూడండి, అక్కడి పాతకాపులతో మాట్లాడండి. రెక్క చూపిస్తే వాళ్లే పట్టుకుని తిప్పి చూసి మీకు తెలియని లోపం చెబుతారు.

చట్టం విషయాలు కొన్ని తప్పనిసరి. 250 గ్రాములు దాటిన విమానాన్ని సరదాకు ఎగరేసినా అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ దగ్గర నమోదు చేయాలి. ఐదు డాలర్లు, మూడేళ్లకు. 13 ఏళ్ల లోపు పిల్లల తరఫున పెద్దవాళ్లు చేయాలి. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లు కూడా చేయొచ్చు, అయితే పౌరులు, గ్రీన్ కార్డుదారులు కాని వారికి ఆ పత్రాన్ని యాజమాన్య గుర్తింపుగా మాత్రమే లెక్కిస్తారు. ట్రస్ట్ అనే ఉచిత పరీక్ష బరువుతో పనిలేకుండా అందరూ రాయాలి. అనుమతి అక్కర్లేని గగనతలంలో 400 అడుగుల పైకి పోకూడదు. కెన్‌మోర్ నీటి విమానాలు ఎంత కిందుగా వస్తాయో ఈ ఊళ్లో వాళ్లకు చెప్పక్కర్లేదు, కాబట్టి మీ చోటు ఏ గగనతలంలో ఉందో ఎగరేసే ముందు ఎఫ్‌ఏఏ ఆమోదించిన యాప్‌లో చూడండి.

మొదటి రెక్కగా 120 సెం.మీ. వద్దు. 60 సెం.మీ. చేతి గ్లైడర్ కట్టండి. బరువు 250 గ్రాములకు చాలా లోపే ఉంటుంది, మోటారు లేదు, తప్పు చేస్తే పోయేది కొన్ని పుల్లలే. అది విరిగినప్పుడు చెత్తబుట్టలో వేసే ముందు విరిగిన చోటును పరికించండి. పై స్పార్ నలిగి ముడత పడి ఉంటే చెక్క మెత్తదైనా అయి ఉండాలి, అడ్డుపలక లేకపోయైనా ఉండాలి. రెండు స్పార్లూ బాగుండి అడ్డుపలక చీలి ఉంటే నార తప్పు దిశలో పెట్టారు. అతుకు శుభ్రంగా, చెక్క అంటకుండా ఊడి ఉంటే జిగురు ఆరకముందే సూదులు పీకారు. ఏదీ కాక రెక్క మొత్తం చెట్టులో ఉంటే, నిచ్చెన తీసుకుని ఇంకో మనిషిని తోడు పిలుచుకోండి.